ఫెయిలైన కంపెనీకి పాస్ మార్కులు

“ఇదంతా బాగానే ఉంది తల్లీ. రేత్రి మూడింటికి కరెంటు పోతే నన్ను లేపుతాదా నీ మిసను?”

2017 ఎండాకాలంలో, నక్కపల్లి దగ్గర ఓ రొయ్యల చెరువు గట్టు మీద ఒక రైతు నన్నడిగిన మాట ఇది. నేను తెల్లబోయాను. నా మిషను ఎవర్నీ లేపదు. నీళ్లలో అమోనియా ఎంతుందో చెబుతుంది. అది కూడా చాలా కచ్చితంగా చెబుతుందని నాకు గొప్ప నమ్మకం. దాని కోసం ఆరేళ్లు పెట్టాను మరి.

రొయ్యల మలం, తినకుండా మిగిలిపోయిన మేత చెరువు అడుగున చేరి కుళ్లితే అమోనియా పుడుతుంది. నీటి పీహెచ్ పెరిగినా, ఎండ ముదిరినా అందులో విషంగా పనిచేసే వంతు పెరుగుతుంది. దాన్ని కొలిచే ఎలక్ట్రోడ్లు ఎప్పటినుంచో ఉన్నాయి గానీ వాటికో జబ్బుంది. అమోనియం అయానూ పొటాషియం అయానూ దాదాపు ఒకే సైజు కావడంతో, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటాయి. ఉప్పునీటి చెరువులో పొటాషియానికి కొదవేముంది? ఆ రెండింటినీ విడదీసి గుర్తుపట్టే సన్నని పొర ఒకటి తయారుచేయడమే నా పీహెచ్‌డీ. నాలుగు పేపర్లు, సాఫీగా జరిగిన వైవా, ఇంట్లో చిన్న భోజనాలు. తర్వాత ఆ పొరను ఒక ప్లాస్టిక్ పెట్టెలో బిగించి కంపెనీ పెట్టేశాను.

ఆ రైతుకు అమోనియా సంగతి తెలియక కాదు. వారానికోసారి కిట్టు తెరిచి, సీసాలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి రంగు చూసుకుంటాడు. రంగు ముదిరితే జియోలైటో యుక్కానో వేస్తాడు, కొంత నీరు మారుస్తాడు. కిట్టు చెప్పేది ఉజ్జాయింపే. ఆయన పనికి ఆ ఉజ్జాయింపు చాలు. ఆయనకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేసే నీటి నాచే రాత్రయ్యేసరికి రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. తెల్లవారుజాముకి నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతే, కాపలా కుర్రాడు మంచి నిద్రలో ఉంటే, కొద్ది గంటల్లో పంటంతా తేలిపోతుంది. జనరేటర్ ఉంది. దాన్ని ఆన్ చేయాల్సిన మనిషిని లేపే దిక్కే లేదు.

నేను ఆయనకి ఓ అరగంట పొటాషియం గురించి చెప్పాను. మర్యాదగా విని, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి పంపించాడు.

మూడు నెలల తర్వాత ఆయన చెరువులోనే ఒక పెట్టె పెట్టి చూశాను. నాలుగో రోజుకి ఎలక్ట్రోడ్ మీద వేలితో గీకితే ఊడొచ్చేంత పాచి. అంకెలు గంతులేస్తున్నాయి. ఆరేళ్లూ నేను వాడిన నీళ్లు ల్యాబులో నా చేతులతో ఉప్పులు తూచి కలుపుకున్నవి. వాటికి పాచి పట్టదు. వాటి ఒడ్డున అప్పు చేసి కూర్చున్న మనిషి ఉండడు.

2019లో కంపెనీ మూసేశాను. నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో నాలుగు లక్షలు, నేను దాచుకున్న రెండున్నర లక్షలు అందులో పోయాయి. పోయిన డబ్బు గురించి ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆరున్నర లక్షలు పోసి నేర్చుకున్నదాన్ని ఒక పీజీ కోర్సులో, పక్కన గైడ్ ఉండగా, స్టైపెండ్ తీసుకుంటూ నేర్చుకుని ఉండొచ్చు. అలాంటి చదువు విశాఖపట్నంలో ఎందుకుండకూడదన్నదే నా గొడవ.

శిక్షణలకేం కరువు లేదు. పీహెచ్‌డీ చివర్లో నేనూ ఒక రెండు వారాల ట్రైనింగ్ చేశాను. ఎక్సెల్‌లో ఐదేళ్ల లాభనష్టాలు వేయించారు. రాష్ట్రంలో చెరువులెన్ని, అందులో ఒక్క శాతం మనం పట్టుకుంటే ఎంత, ఇదీ లెక్క. ఆ ఒక్క శాతం మాట ఎక్కడ విన్నా ఇప్పుడు నాకు నవ్వాగదు. ఎవరండీ ఆ ఒక్క శాతం? ఏ ఊరివాళ్లు? మొదట కొనే రైతు పేరు చెప్పలేనిదాన్ని, ఐదో ఏడు వచ్చే లాభాన్ని మాత్రం రూపాయలతో సహా చెప్పాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ తర్వాత కొత్త కంపెనీలకి చోటూ సలహాలూ ఇచ్చే ఒక ఇంక్యుబేటర్‌లో చేరాను. రంగురంగుల బీన్ బ్యాగులు, గోడల నిండా ఇంగ్లిషు సూక్తులు, నెలకోసారి వచ్చే మెంటార్. మొదటి మీటింగులోనే ఆయన “మీ ఎగ్జిట్ ఏంటి?” అనడిగారు. నేను తలుపు వైపు చూశాను. ఆయనడిగింది కంపెనీని చివరికి ఎవరికి అమ్ముకుంటారని.

ఇప్పటికీ ఈ ఉత్సాహమంతా ఎవరి మీద కుమ్మరిస్తున్నారో చూడండి. బీటెక్ రెండో సంవత్సరం పిల్లల మీద. ముప్ఫై ఆరు గంటల హ్యాకథాన్ పోటీ, పిజ్జాలు, టీషర్టులు, చివర్లో అట్టముక్క మీద అచ్చేసిన పెద్ద చెక్కు. ఆ పిల్లల మీద నాకేం కోపం లేదు, మా తమ్ముడి కూతురు కూడా వాళ్లలో ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ముప్ఫై ఆరు గంటలు పెడితే యాప్ తప్ప ఏం వస్తుంది? ఏళ్ల తరబడి పట్టే సంగతులు పై అంతస్తులో ఉంటాయి. మధ్యాహ్నం క్యారేజీ విప్పేముందు మూడుసార్లు చేతులు కడుక్కునే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి దగ్గర, తుప్పు మీద నాలుగేళ్లుగా కూర్చున్న ఎంటెక్ అబ్బాయి దగ్గర ఉంటాయి. వాళ్లను హ్యాకథాన్‌కి ఎవరూ పిలవరు. కోర్సవగానే ఆ అమ్మాయి పరవాడ ఫార్మాసిటీ బస్సెక్కి క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టు డ్యూటీకి పోతుంది. గౌరవమైన ఉద్యోగమే. కానీ ఆమె థీసిస్ మాత్రం నల్ల అట్ట వేసుకుని డిపార్ట్‌మెంట్ బీరువాలో చేరుతుంది.

నా వాదన ఇంతే. టెక్నాలజీ కంపెనీ పెట్టడాన్ని ఎమ్మెస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్లకి, వాళ్ల ల్యాబులోనే, ఒక పూర్తి డిగ్రీగా నేర్పాలి. ఆ డిగ్రీకి థీసిస్ ఒక నిజమైన వ్యాపార ప్రయత్నమై ఉండాలి. ఆ ప్రయత్నం ఫెయిలైతే కూడా పాస్ చేయాలి. ఈ చివరి ముక్క అనగానే నా స్నేహితులు నవ్వుతారు. అసలు సంగతంతా అందులోనే ఉందని నేనంటాను. దానికి క్లీవ్‌లాండ్ దాకా వెళ్లాలి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ కూడా మనలాగే నీటి ఒడ్డున ఉన్న ఉక్కు ఊరు, రేవు ఊరు. అక్కడ 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఒకాయన కేస్ స్కూల్‌లో, ఇంకొకాయన పక్కనే ఉన్న వెస్టర్న్ రిజర్వ్‌లో పనిచేసేవారు. విశ్వమంతా ఈథర్ అనే కంటికి కనపడని పదార్థం నిండి ఉందని, భూమి అందులోంచి దూసుకుపోతోందని అప్పటి నమ్మకం. ఆ ఈథర్ గాలి ఎంత వేగంగా వీస్తోందో కొలుద్దామని మొదలుపెడితే, వాళ్లకి చెప్పుకోదగ్గ గాలే దొరకలేదు. అనుకున్నది రాలేదు, అదే విషయాన్ని దాచకుండా అచ్చు వేశారు. ఫిజిక్స్ చదివిన ప్రతివాళ్లకీ ఈ కథ తెలుసు. మనం మార్కుల కోసం దీన్ని కంఠస్థం చేశాం కూడా. రానిది రాలేదని రుజువు చేయడం సైన్సులో ఫలితమే.

ఆ రెండు సంస్థలూ 1967లో కలిసి కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ అయ్యాయి. అదే యూనివర్సిటీలో, 2000లో, మేనేజ్‌మెంట్ స్కూలు కాదు, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ముందుకొచ్చి ఫిజిక్స్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని ఒక మాస్టర్స్ డిగ్రీ మొదలుపెట్టింది. విద్యార్థి ఫిజిక్స్ చదువుతాడు, కంపెనీ నడిపే విద్య చదువుతాడు, ఒక నిజమైన వెంచర్ మీద పనిచేసి దాన్నే థీసిస్‌గా రాస్తాడు. తర్వాత కెమిస్ట్రీ, బయాలజీ వాళ్లకీ అదే దారి వేశారు. ఫిజిక్స్ వాళ్లే ఎందుకు మొదలుపెట్టారో నాకు బాగా అర్థమవుతుంది. అనుమానాన్ని పరీక్షకు పెట్టడం వాళ్లకి ముందే వచ్చు. కొనేవాడి మీద పెట్టడం ఒక్కటే కొత్త.

2011లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఐ-కోర్ అనే కార్యక్రమంలో ఇదే పనిని ఇంకా మొరటుగా చేసింది. నాకు ఆ మొరటుతనమే నచ్చింది. ఒక ప్రొఫెసర్, ఆయన దగ్గర పీహెచ్‌డీయో పోస్ట్‌డాకో చేసే కుర్రాడు, ఒక అనుభవజ్ఞుడు. ఈ ముగ్గురి జట్టుకి 50,000 డాలర్లు ఇచ్చి, ఏడు వారాల్లో కనీసం వంద మందిని కలిసి మాట్లాడమన్నారు. కొనేవాళ్లని, వాడేవాళ్లని, అడ్డుపడేవాళ్లని. వస్తువు అమ్మడానికి వెళ్లకూడదు, వాళ్ల కష్టమేంటో వినాలి. చివరి రోజున జట్టు ఒక మాట చెప్పాలి, ముందుకెళ్తామా, మానేస్తామా అని. మానేస్తామన్నవాళ్లు తప్పినట్టు కాదు. ఏడు వారాల్లో తేలిపోయినదాన్ని నాలాగ రెండేళ్లు, నాన్న డబ్బు పెట్టి తేల్చుకోలేదు కాబట్టి గెలిచినట్టే.

వంద మందిని కలవడమంటే ఏముంది, ఎవరైనా చేస్తారు అనుకుంటాం. నేను చేశాను, చేతకాలేదు. “ఇలాంటి మిషను వస్తే కొంటారా బాబాయ్?” అనడిగేదాన్ని. మన ఊళ్లలో గుమ్మంలోకి వచ్చిన ఆడపిల్లని మొహం మీద కొననని ఎవరంటారు? “ఎందుకు కొనం తల్లీ, తప్పకుండా” అనేవారు. అలా నలభై మూడు ‘తప్పకుండా’లు నోట్‌బుక్కులో రాసుకున్నాను. అమ్ముడుపోయినవి మూడు. అడగాల్సింది “పోయినసారి పంట ఎలా పోయింది? ఆ రోజు ఏం జరిగింది? దానికి ఎంత ఖర్చుపెట్టారు?” అని. జరిగినదాని గురించి అడిగితే మనిషి అబద్ధమాడడు, జరగబోయేదాని గురించి అడిగితే మర్యాద చేస్తాడు. ప్రయోగంలో పోల్చి చూసుకోవడానికి కంట్రోల్ ఎలా పెట్టాలో తెలిసినవాళ్లకి ఈ తేడా ఒక మధ్యాహ్నంలో నేర్పొచ్చు. నాకెవరూ నేర్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

పేటెంటు కథ ఇంకా చిన్నది, ఇంకా మండేది. నా పొర గురించి మంచి జర్నల్‌లో పేపరు వచ్చిందని పొంగిపోయి, ఏడాదిన్నర తర్వాత పేటెంటుకి వెళ్దామంటే, ఏజెంటు ఆ పేపరునే నా ముందు పెట్టాడు. ముందే అచ్చైపోయినది మన చట్టం కింద కొత్తది కాదు. విద్వత్సభలో పేపరు చదవడం లాంటి కొన్ని సందర్భాలకి 12 నెలల గడువు మినహాయింపు ఉంది గానీ జర్నల్ అచ్చుకి ఆ దయ లేదు. పేపరు పంపే ముందు రోజు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెట్టుకుంటే, పూర్తి వివరాలివ్వడానికి 12 నెలలు దొరికేవి. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే దానికయ్యే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. నలుగురం జగదాంబ దగ్గర సినిమాకెళ్లి బిర్యానీ తిని వస్తే అంతకన్నా ఎక్కువే అవుతుంది. మా గైడ్ గారు బంగారంలాంటి మనిషి, ఆయనకీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఆయన ఉద్యోగంలో లేదు.

దీనికొక జవాబు చూశాను. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో 2002లో టైగర్ అని ఒక కార్యక్రమం పెట్టారు. పీహెచ్‌డీ విద్యార్థి పరిశోధన చుట్టూ ఎంబీఏ విద్యార్థులు, పక్క యూనివర్సిటీ ఎమరీ నుంచి లా విద్యార్థులు జట్టుగా చేరతారు. లా వాళ్లు పేటెంటు చూస్తారు, ఎంబీఏ వాళ్లు మార్కెట్టు చూస్తారు, అందరికీ క్రెడిట్లొస్తాయి. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. దాని కోసం అట్లాంటాలో రెండు యూనివర్సిటీలు చేతులు కలపాల్సి వచ్చింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ, ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, లా అన్నీ ఒక్క క్యాంపస్ గొడుగు కిందే ఉన్నాయి. కెమిస్ట్రీ వాళ్లూ లా వాళ్లూ ఎదురుపడేది ఫీజు కట్టే క్యూలో.

ఇక అందరూ వేసే ప్రశ్న. “డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారు ఏ కోర్సు చేశారమ్మా?” మా మామయ్య ఇది అడిగి, చర్చ అయిపోయినట్టే కుర్చీలో వెనక్కి వాలతాడు.

చేశారు మామయ్యా. 1969లో పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ ముగించి హైదరాబాదులో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో చేరారు. 1975 దాకా అక్కడ మందుల తయారీని చేత్తో పట్టి చూశారు. తర్వాత ఇంకొకరితో కలిసి ఒకటి, ఆపైన ఇంకోటి, ఇలా కంపెనీల్లో చేతులు కాల్చుకుని 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. పదిహేనేళ్లు పట్టిన చదువది, అందులో మొదటి ఆరేళ్లూ జీతమిచ్చి నేర్పింది ప్రభుత్వ సంస్థ. హైదరాబాదు మందుల పరిశ్రమలో ఐడీపీఎల్‌లో చేయి తిరిగినవాళ్లు ఎందరో. ఆ బడి మూతపడింది. బడి లేకుండానే పిల్లలు పాసవుతారన్నట్టు మాట్లాడుతున్నాం మనం. శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారిదైతే ఇంకా విచిత్రం. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, 1993లో బయోటెక్ కంపెనీ పెట్టి 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. అలాంటి మనిషి ఎక్కడున్నా దారి వెతుక్కుంటాడు. కోర్సు ఆయన కోసం కాదు. నాలాంటివాళ్ల కోసం, అంటే బుర్ర ఉండి, ధైర్యం సగమే ఉన్నవాళ్ల కోసం.

ఆ సగం ధైర్యం గురించి ఒక మాట చెప్పాలి, ఇది ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనపడదు. నేను కంపెనీ నడిపిన రెండేళ్లూ మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. “అమ్మాయి ఏం చేస్తోందండీ?” “స్టార్టప్ పెట్టుకుందండీ.” అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. “ఓహో, అయితే ఇంకా ఉద్యోగం రాలేదన్నమాట.” మా అమ్మ ఆ ప్రశ్నకి భయపడి పేరంటాలు మానేసింది. అదే “పీజీ చేస్తోందండీ, ఇంకో ఏడుంది” అని చెప్పగలిగితే ఆ ఇంటికి రెండేళ్ల ఊపిరి దొరికేది. మన దగ్గర డిగ్రీ చేసే పెద్ద పనుల్లో ఇదొకటి. చదువుకుంటున్న మనిషిని ఎవరూ ఏమీ అనరు. సొంతంగా ఏదో చేసుకుంటున్న మనిషిని అందరూ అంటారు. పైగా దానికి మనకొక సరైన మాట కూడా లేదు. వ్యాపారి అంటే కొట్టు గుర్తొస్తుంది, పారిశ్రామికవేత్త అంటే కండువా, పెద్ద కారు గుర్తొస్తాయి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ఉంది, విడివిడిగా పడి ఉంది. కేంద్రం నిధి పథకాల్లో ప్రయాస్ కింద నమూనా తయారీకి పది లక్షల దాకా ఇస్తారు. బయోటెక్ ప్రయత్నాలకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ బైరాక్ వాళ్ల ఇగ్నిషన్ గ్రాంటు 50 లక్షల దాకా, 18 నెలలకి. పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. ఈ కాగితాలన్నీ నింపడానికి, మధ్యలో చెరువు గట్ల మీద తిరగడానికి కావలసిన కాలాన్ని పట్టి ఉంచే పాత్ర లేదు. డిగ్రీ ఆ పాత్ర. అందుకే దీనికి లక్షల ఫీజు పెట్టే ప్రైవేటు కోర్సుల్ని నేను ఒప్పుకోను. అప్పు చేసి చేరినవాడు చివరి రోజున ‘మానేస్తాం’ అని చెప్పలేడు. ఈఎంఐ చెప్పనివ్వదు.

మా గైడ్ గారికి ఈ ఆలోచన నచ్చలేదు. ఆయన అభ్యంతరం మామయ్యదిలా తేలిగ్గా తీసిపారేసేది కాదు. “రేపు ప్రొఫెసరే కంపెనీ పెడతాడు. స్టూడెంటు ఆయనకి జీతం లేని పనివాడవుతాడు. థీసిస్ మీద సంతకం పెట్టే చెయ్యి, లాభం తీసుకునే చెయ్యి ఒకటే అయితే ఆ పిల్లాడు ఎవరికి చెప్పుకుంటాడు?” అన్నారు. నిజమే. మన ల్యాబుల్లో సార్ ఇంటి గ్యాస్ బుక్ చేసిన పీహెచ్‌డీలు లేరని ఎవరైనా అంటే నేను నమ్మను. 2019 జాతీయ ఇన్నొవేషన్, స్టార్టప్ పాలసీ అధ్యాపకులు కంపెనీ పెట్టుకోవడానికి, సెలవు తీసుకోవడానికి దారిచ్చింది. విద్యాసంస్థ సౌకర్యాలు వాడుకుంటే సంస్థకి 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చంది. వాటాల లెక్క వరకూ సరే. నా షరతు ఒకటి కలుపుతాను, కంపెనీలో అణా వాటా ఉన్న ఏ మనిషీ ఆ థీసిస్‌కి గైడూ కాకూడదు, ఎగ్జామినరూ కాకూడదు. ఇలా రాసుకుంటే సగం బెడద తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు, ఆ విషయంలో ఆయనకి నేను ఓడిపోయాను.

ఎవరు నేర్పాలన్న దగ్గర కూడా మాకు పడలేదు. ఆయన పీహెచ్‌డీ ఉన్నవాళ్లే అంటారు. నాకు ఎక్కువ నేర్పింది గాజువాక ఆటోనగర్‌లో పదో తరగతి దాకా చదివిన ఒక ఎలక్ట్రీషియను. నా పెట్టెను ఒక్కసారి తిప్పి చూసి, “మేడమ్, ఈ స్క్రూలు ఉప్పుగాలికి మూణ్ణెల్లు ఆగవు. విప్పేటప్పుడు రైతు దగ్గర ఈ సైజు స్క్రూడ్రైవరు ఉండదు” అన్నాడు. నా డిజైన్ రివ్యూ మొత్తం ఆ రెండు వాక్యాలే. అలాంటి మనిషికి యూనివర్సిటీ గౌరవంగా పిలిచి, గంటకింతని డబ్బిచ్చి, క్లాసు ఇప్పించగలదా? ఇప్పించగలిగితే ఆ కోర్సు బతుకుతుంది. ఈ చదువులో సిలబస్ ఏముండాలో పెద్ద జాబితా రాయగలను గానీ, ఈ ఒక్క పరీక్షలో నెగ్గితే మిగతావి అవే సర్దుకుంటాయనిపిస్తుంది.

విశాఖపట్నమే ఎందుకని అడిగేవాళ్లు ఊరంతా ఒకసారి తిరిగి రావాలి. సింధియా దగ్గర ఓడలు కడతారు. 1948లో జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది ఇక్కడే. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో ఈ ఊరికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? నౌకాదళ పరిశోధనల ల్యాబు ఎన్ఎస్‌టీఎల్ ఉంది, రిఫైనరీ ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, చిప్పాడ నుంచి పరవాడ దాకా మందుల ఫ్యాక్టరీలున్నాయి, చేపల రేవుంది, పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది. 2018లో మొదలైన మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాల్లో ఉంది. వైద్య పరికరం తయారుచేసేవాళ్లకి కావలసిన పరీక్షల ల్యాబులు అక్కడ ఒకేచోట దొరుకుతాయి. ఆంధ్రా యూనివర్సిటీ 1933లోనే కెమికల్ టెక్నాలజీ మొదలుపెట్టింది. పుట్టి ఏడేళ్లే అయిన యూనివర్సిటీ, ఈ ఊళ్లో ఇన్ని ఫ్యాక్టరీలు ఇంకా లేని రోజుల్లో, పరిశ్రమ కోసం డిగ్రీ పెట్టింది. మనమేమో 2025 అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ డేటా సెంటర్ కడతానని ప్రకటించగానే ఆనందపురంలో గజం ఎంతుందని అడుగుతున్నాం.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అని ఒక ఊరుంది. ఓడల నిర్మాణం దెబ్బతిని కుదేలైన రేవు పట్టణం. అక్కడి చాల్మర్స్ టెక్నికల్ యూనివర్సిటీ 1997లో ఆంత్రప్రెన్యూర్‌షిప్ స్కూలు పెట్టింది. మాస్టర్స్ విద్యార్థులు పరిశోధకుల ఆలోచనల్ని తీసుకుని, చదువులో భాగంగానే కంపెనీగా నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. ఆలోచన పుట్టించినవాడే కంపెనీ నడపాలన్న రూలు లేదు. ఇది నాకు చాలా ఊరట కలిగించిన సంగతి. ఎందుకంటే నేను మంచి కెమిస్టుని, మామూలు వ్యాపారిని. నా పొరను ఇంకొక అమ్మాయి, రైతులతో గంటలు గంటలు కబుర్లు చెప్పగలిగినది, చేతిలోకి తీసుకుని ఉంటే దాన్ని చెరువులో కాక ఇంకెక్కడో పెట్టేదేమో. ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధిలో, ఓ టెక్నీషియను రోజూ వచ్చి తుడిచే చోట. ఆ ఆలోచన నాకు కంపెనీ మూసిన మూడేళ్లకి, ఇప్పటి ఉద్యోగంలో లిఫ్టు కోసం నిలబడినప్పుడు వచ్చింది.

ఆ రైతు ప్రశ్న మాత్రం వదల్లేదు. కంపెనీ సామాను అమ్ముతున్న వారంలో ఆటోనగర్ ఎలక్ట్రీషియనూ నేనూ కూర్చుని ఒక పెట్టె చేశాం. లోపల కరెంటు పోయిందని పసిగట్టే ఒక రిలే, ఒక చిన్న బ్యాటరీ, ఒక సిమ్ము. కరెంటు పోతే వరసగా నాలుగు నంబర్లకి ఫోన్ చేస్తుంది, ఎవరో ఒకరు ఎత్తేదాకా. రెండువేల రెండొందలైంది. అందులో నా కెమిస్ట్రీ చుక్క కూడా లేదు, పేపరు రాయడానికి పనికిరాదు, పేటెంటుకి అసలే పనికిరాదు. తీసుకెళ్లి ఆయన చెరువు దగ్గర స్తంభానికి బిగించి వచ్చాం. తర్వాత అలాంటివి ముప్ఫై దాకా ఎలక్ట్రీషియనే చేసి అమ్ముకున్నాడు. బిగించిన రోజు పరీక్ష కోసం నాలుగో నంబరుగా నాది పెట్టాం, తీసేయడం మర్చిపోయాం.

పోయిన నెల ఒక రాత్రి మూడూ పన్నెండుకి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ‘చెరువు-2’. నాలుగో నంబరు దాకా వచ్చిందంటే ముందు ముగ్గురూ ఎత్తలేదన్నమాట. గుండె దడదడలాడుతుంటే ఆ రైతు బాబాయ్‌కి చేశాను. పదకొండో రింగుకి ఎత్తాడు. వెనకాల డీజిల్ ఇంజను చప్పుడు.

“లెగిసేను తల్లీ, ఫోను మంచం మీదొగ్గేసి పరిగెట్టేను. జనరేటర్ ఏసేసేను. నువ్వు తొంగో.”